గంట వినిపించినంత మేర

సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో బడికి పోయే పిల్లలను ఆపి, 'బెల్ టవర్‌ని తెలుగులో ఏమంటారు బిడ్డా?' అని అడిగి చూడండి. ఒకరు గంటగోపురం అంటారు. ఒకరు గంటస్తంభం అంటారు. నల్లగొండలో చుట్టాలున్న పిల్లవాడైతే గడియారం అనేస్తాడు. ఆదివారం ప్రార్థనకు పోయే ఇంటి పిల్ల 'గుడిగంట' అని ఊరుకుంటుంది. ఇందులో ఏదీ తప్పు కాదు. అలాగని నాలుగూ ఒకటి కావు. ఒక్కో మాట వెనక ఒక్కో రకం కట్టడం ఉంది, ఒక్కో రకం మోత ఉంది, ఆ మోతకు తలెత్తి చూసిన జనం ఉన్నారు. ఇవాళ ఆ మాటల గురించి, వాటిని వాడే తీరు గురించి చెప్పుకుందాం.

ముందు ఇంగ్లీషు మాట సంగతి చూద్దాం. గంటగోపురాన్ని ఆ భాషలో బెల్‌ఫ్రీ అంటారు. బెల్ అన్న మాట అందులో వినబడుతూనే ఉంది కాబట్టి గంటను బట్టే ఆ పేరు వచ్చిందనుకుంటాం. నిజానికి పుట్టుకలో దానికి గంటతో చుట్టరికమే లేదు. పాత ఫ్రెంచిలో అది బెర్‌ఫ్రే. జర్మానిక్ భాషల నుంచి అక్కడికి చేరింది. కాపుదల అనే అర్థం దాని వేళ్లలో ఉంది. కోటను ముట్టడించే సైన్యం చక్రాల మీద తోసుకుంటూ పోయే ఎత్తైన చెక్క కట్టడానికి ఆ పేరు ఉండేది. దాని మాటున గోడ దాకా చేరి, పైఅంతస్తు నుంచి కోటలోకి దూకేవారు. తర్వాత ఊరి కావలికి కట్టిన బురుజుకు అదే పేరు అంటుకుంది. బురుజెక్కిన కావలివాడు ఊరికే చూస్తుంటే ఏం లాభం? నిప్పు అంటుకున్నా, శత్రువు వస్తున్నా ఊరికి తెలపాలి. అందుకని అక్కడ గంట కట్టారు. గంట మోగుతూ ఉండేసరికి ఇంగ్లీషువాళ్ల చెవికి బెర్ కాస్తా బెల్ అయింది. ఫ్రెంచివాళ్లు మాత్రం ఇప్పటికీ బెఫ్రువా అనే అంటారు. వాళ్ల మాటలో గంట చేరలేదు.

బెల్జియంలోనూ, ఫ్రాన్సు ఉత్తర భాగంలోనూ అలాంటి ఊరి బురుజులు ఇంకా నిలిచి ఉన్నాయి. యునెస్కో 1999లో బెల్జియంలోని బురుజులను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2005లో ఫ్రాన్సువీ కలిపితే మొత్తం 56 అయ్యాయి. వాటిలో చాలామట్టుకు చర్చికి చెందినవి కావు, రాజు కోటకు చెందినవీ కావు. అవి నగరపాలక సంఘానివి. ఊరి హక్కుపత్రాలను కూడా వాటిలోనే భద్రం చేసేవారు. గంట కట్టుకునే హక్కు అంటే ఊరికి సొంత పాలన ఉందని అర్థం. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మన బురుజుల దగ్గరికి వెళ్లినప్పుడు పనికొస్తుంది. ఇటలీవాళ్లు గంటగోపురాన్ని కాంపనీలే అంటారు. వాళ్ల పాత భాషలో కాంపానా అంటే గంట, దాన్ని బట్టి పేరు. మనం బొమ్మల్లో చూసే పీసా వాలుగోపురం అలాంటిదే. ఒరిగిపోయిందనే అందరూ చెబుతారు కానీ, అది పక్కనున్న చర్చికి గంటలు కట్టడం కోసం లేపిన గోపురమని చాలామందికి తెలియదు. దాని పైఅంతస్తులో ఏడు గంటలున్నాయి.

బెర్‌ఫ్రే బెల్‌ఫ్రీ అయిన తీరు మనకు వింత కాదు. మన సర్కారు బడుల్లో అదే జరిగింది. మధ్యలో ఇచ్చే విరామానికి ఇంగ్లీషులో ఇంటర్వెల్ అని పేరు. మన పిల్లలు దాన్ని 'ఇంటర్‌బెల్లు' చేశారు. తరతరాలుగా అంతే. 'ఇంటర్‌బెల్లుల కలుద్దాం రా' అంటారు, 'ఇంటర్‌బెల్లు కొట్టిన్రు' అంటారు. ఇది పలకడం రాక చేసిన పని కాదని నేను గట్టిగా నమ్ముతాను. విరామం వచ్చిందని పిల్లలకు తెలిసేది గంట వల్లనే. చెవి ఏది విన్నదో నోరు అదే పలికింది. వాళ్ల లెక్కలో ఇంటిబెల్లు, లాంగుబెల్లు, ఇంటర్‌బెల్లు అన్నీ ఒకే కుటుంబం. ఒకప్పటి ఇంగ్లండు జనం చేసిన పనినే మన నాలుగో తరగతి పిల్లలు ఎవరూ చెప్పకుండా చేశారు. భాష పెరిగేది ఇట్లాగే. దీన్ని దిద్దాలని చూసే ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. ఇంటర్వెల్ అన్న మాట నేర్పండి, కానీ ఇంటర్‌బెల్లును చూసి నవ్వకండి.

ఆ బడిగంట కూడా చాలా ఊళ్లలో గంట ఆకారంలో ఉండేది కాదు. రైలుపట్టా ముక్కను చెట్టుకొమ్మకో వరండా దూలానికో వేలాడదీసి, ఇనుప కడ్డీతో కొట్టేవారు. దాని మోత పొలాల దాకా పోయేది. బడికి రాని పిల్లవాడికి గుండె జల్లుమనేది కూడా ఆ మోతకే.

ఇలాగే పేరులో గంట వినబడే ఊరు ఒకటి మనకు దగ్గర్లోనే ఉంది. కోదాడ దాటి, విజయవాడ మీదుగా కృష్ణాజిల్లాలోకి పోతే ఘంటసాల వస్తుంది. గాయకుడు ఘంటసాల ఇంటిపేరు మనందరి నోళ్లలో ఉంది కాబట్టి, గంటలున్న శాల అని అర్థం చెప్పేసుకుంటాం. అక్కడ బౌద్ధ స్తూపం బయటపడింది. ప్రాచీన కాలంలో అది పేరున్న ఓడరేవు పట్టణం. గ్రీకు భూగోళ రచయిత టాలమీ దాన్ని కంటకోస్సుల అని రాశాడు. నాగార్జునకొండ శాసనంలో కంటకసేల అని ఉంది. అంటే మొదట అక్కడ వినిపించింది కంటక. జనం దాన్ని గంట చేసుకున్నారు, పండితులు ఆ గంటకు ఒత్తు పెట్టి ఘంట చేశారు.

ఇక అసలు మన గంట దగ్గరికి వద్దాం. తెలుగులో గంట అంటే మోగే వస్తువు, గంట అంటే అరవై నిమిషాలు. 'ఎన్ని గంటలైంది?' అని అడిగితే, ఎన్నిసార్లు గంట మోగిందని అడిగినట్టే. ఇంగ్లీషు గడియారానికి పెట్టిన క్లాక్ అన్న పేరు కూడా గంటే. జర్మన్లు గంటను ఇప్పటికీ గ్లోకె అనే అంటారు. కాబట్టి క్లాక్ టవర్ అన్నా, గంటస్తంభం అన్నా వేళ్లు తవ్వితే ఒకటే అర్థం దొరుకుతుంది. విజయనగరం వాళ్లు తమ ఊరి నడుమ నిలిచిన ఎనిమిది పలకల కట్టడాన్ని గంటస్తంభం అని పిలిచినప్పుడు నిఘంటువు చూసి పిలవలేదు. అయినా ఇంతకన్నా సరైన మాట మరొకటి దొరకదు. అది 1885లో కట్టింది. ఇప్పటికీ విజయనగరంలో తోవ చెప్పాలంటే గంటస్తంభం నుంచే మొదలుపెడతారు.

గంట అరవై నిమిషాలు కాకముందు మన కాలం గడియల్లో నడిచింది. గడియ అంటే ఇరవైనాలుగు నిమిషాలు. రోజుకు అరవై గడియలు. ఏడున్నర గడియలైతే ఒక జాము. రెండున్నర గడియలు కలిస్తే ఇప్పుడు మనం అనుకునే గంట. గడియను కొలిచే సాధనం పేరు గడియకుడుక. రాగితో చేసిన చిన్న గిన్నె, అడుగున సన్నని చిల్లు. దాన్ని నీళ్ల తొట్టిలో వదిలితే చిల్లు గుండా నీరు ఎక్కి, గిన్నె నిండి మునిగిపోయేసరికి ఒక గడియ. మునగగానే కాపలా ఉన్న మనిషి కంచుపలక మీద కొట్టేవాడు. రాజుల దేవిడీల్లో, పెద్ద గుళ్లలో, పెళ్లి ముహూర్తాల దగ్గర ఇదే పద్ధతి. పంచాంగం తెరిస్తే నేటికీ తిథికీ నక్షత్రానికీ గడియలు, విఘడియలు ఉంటాయి. గడియారం అన్న మాటలో ఆ గడియే ఉంది. చేతికి కట్టుకున్న గడియారం బ్యాటరీతో నడుస్తున్నా, దాని పేరు మాత్రం నీళ్లలో మునిగే ఆ రాగిగిన్నె నాటిది.

మనకు దగ్గరి క్లాక్ టవర్ నల్లగొండలో ఉంది. సూర్యాపేట 2016 అక్టోబరు 11న వేరే జిల్లా అయింది కానీ, అంతకుముందు కలెక్టరేటు పని మీద పోయిన ప్రతివాడూ ఆ గడియారం చుట్టూ తిరిగినవాడే. మిర్యాలగూడ ఇప్పటికీ నల్లగొండ జిల్లాలోనే ఉంది. సభ అన్నా, ధర్నా అన్నా, ఊరేగింపు అన్నా 'క్లాక్ టవర్ సెంటర్ల' అంటారు. అక్కడికి జనం పోయేది టైము చూసుకోవడానికి కాదు. పదిమంది కూడే చోటు కాబట్టి పోతారు. సికింద్రాబాదులో 1897లో ప్రారంభమైన 120 అడుగుల క్లాక్ టవర్ కూడా అంతే. చేతిలో సెల్‌ఫోన్ ఉన్నవాడికి దాని గడియారంతో పని లేదు. కానీ 'క్లాక్ టవర్ కాడ దిగు' అనకుండా ఆ ఊళ్లో బస్సు ప్రయాణం సాగదు. గంట ఆగిపోయినా, ముళ్లు నిలిచిపోయినా గంటస్తంభం అన్న పేరు ఊరి నడిబొడ్డు అన్న అర్థాన్ని పట్టుకుని నిలబడింది.

మన గుళ్లలో గంటకు వేరే గోపురం కట్టే ఆనవాయితీ అంతగా లేదు. గంట మండపంలో ఉంటుంది. భక్తుడే చేయెత్తి మోగిస్తాడు. సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రికి పోండి. రేచర్ల నాయకుడు నామిరెడ్డి కట్టించిన నామేశ్వరాలయం, రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసాని కట్టించిన ఎరకేశ్వరాలయం అక్కడ ఉన్నాయి. గణపతిదేవుడి నాటి 1208 శాసనం ఉంది. కాకతీయుల కాలపు నందులను చూసినవారికి తెలుసు. మెడలో చిరుగంటల పట్టెడ, వీపు మీద మువ్వల గొలుసు, ఒక్కో మువ్వ విడివిడిగా లెక్కపెట్టేటట్టు చెక్కుతారు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి శిల్పి గంటకు చోటిచ్చింది ఎత్తైన గోపురంలో కాదు, ఎద్దు మెడలో. మన నేల మీద గంట అంటే మొట్టమొదట ఏది మనసులో మెదిలేదో ఆ రాయి చెబుతుంది. తప్పిపోయిన ఎద్దును మెడగంట ఆచూకీతో పట్టుకున్న రైతుకు దీన్ని విప్పి చెప్పక్కర్లేదు.

గుడిలో ఎత్తున మోగే గంట అంటే ధ్వజస్తంభానిదే. కొయ్య మాను మీద ఇత్తడి రేకు తొడిగి, కొన మీద మూడు పలకలు నిలిపి, వాటి అంచులకు చిన్న గంటలు వేలాడదీస్తారు. వాటిని కొట్టేవాడు ఉండడు. గాలి వచ్చినప్పుడు మోగుతాయి. తిరుమలలో మాత్రం గంట పేరుతోనే మండపం ఉంది. బంగారువాకిలి ముందున్న తిరుమామణి మండపాన్ని ఘంటామండపం అని కూడా అంటారు. చంద్రగిరికి చెందిన మల్లన 1417లో కట్టించాడు. నైవేద్యం వేళ అక్కడి పెద్ద గంటలు మోగుతాయి. ఆ మోతను కొండ కిందికి ఒక గంట నుంచి మరో గంటకు అందించేవారనీ, అది విన్నాకే చంద్రగిరి రాజు అన్నం ముట్టేవాడనీ చెప్పుకుంటారు. స్వామివారి చేతిగంటే వేదాంతదేశికులుగా పుట్టిందని శ్రీవైష్ణవుల నమ్మకం. అందుకే గర్భాలయంలో చేతిగంట మోగించరని వారు చెబుతారు. గంట మనిషి కావడం, మోత మాట కావడం ఎంత గొప్ప ఊహ!

గోపురం కదలదు. కానీ మన ఊళ్లకు గంట నడిచి వచ్చేది. సంక్రాంతి నెలలో జంగమదేవర చేతిగంట ఊపుతూ, శంఖం ఊదుతూ పొద్దు పొడవకముందే వాకిట నిలిచేవాడు. దాసరి ఒక చేత జేగంట పట్టుకుని వచ్చేవాడు. జేగంట అంటే వేలాడే నాలుక లేని కంచుపలక, కొయ్యతో కొడితే మోగుతుంది. చప్పుడు వినగానే ఇంటి ఇల్లాలు చేటలో బియ్యం తెచ్చేది. ఇప్పుడు జేగంట అన్న మాట పుస్తకాల్లో తప్ప పిల్లలకు ఎదురుకావడం లేదు. మాట పోతే పోయిందని ఊరుకోవడానికి నా మనసు ఒప్పుకోదు.

సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే పెద్దగట్టు జాతర సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం నిండదు. లింగమంతుల స్వామి జాతర అది. కేసారం నుంచి దేవరపెట్టె వస్తుంది. యాదవ సోదరులు గజ్జెల లాగులు తొడిగి, భేరీలు మోగిస్తూ, 'ఓ లింగా, ఓ లింగా' అని పిలుస్తూ గుట్ట ఎక్కుతారు. అక్కడ గంటలన్నీ మనుషుల నడుములకు, కాళ్లకు కట్టి ఉంటాయి. లక్షల జనం కదులుతుంటే గుట్ట మొత్తం మోగుతుంది. హైదరాబాదు, విజయవాడ రహదారి మీద వాహనాలను పక్కతోవలకు మళ్లిస్తారు. బెల్జియం బురుజు గంట ఊరి జనాన్ని ఒకచోటికి పిలిస్తే, ఇక్కడ జనమే గంటలు కట్టుకుని ఒకచోటికి వస్తారు.

గంటకంటూ వేరే గోపురం కట్టే పద్ధతి మనకు క్రైస్తవ ఆలయాలతో వచ్చింది. తెలంగాణలో దానికి గొప్ప ఉదాహరణ మెదక్ చర్చి. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ దాని నిర్మాణానికి పూనుకున్నాడు. కరువు రోజులవి. తిండికి లేని జనానికి పని కల్పించి అన్నం పెట్టడానికి మొదలైన ఆ పని, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠతో పూర్తయింది. గంటగోపురం ఎత్తు 175 అడుగులు. మన వైపు కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ పల్లెల్లో అంత ఎత్తు ఎక్కడుంటుంది? రెండు సిమెంటు దిమ్మెల మధ్య ఇనుప కడ్డీ, దానికి గంట, గంటకు తాడు. అయినా పని అదే చేస్తుంది. ఆదివారం పొద్దున మొదటి గంట కొడితే స్నానాలు కావాలి, రెండో గంట కొడితే గుడిలో ఉండాలి. కతోలికులకు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం త్రికాల జపానికి గంట ఉంది. ఎవరైనా చనిపోతే ఆగి ఆగి ఒక్కో దెబ్బ వేస్తారు. పొలంలో ఉన్న మనిషి నాగలి ఆపి, 'ఎవరో పోయిన్రు' అంటాడు. అతనిది ఏ మతమైనా ఆ చప్పుడు అర్థమవుతుంది.

మసీదు మినార్ మీద గంట ఉండదు, మనిషి గొంతే ఉంటుంది. మినార్ అన్న అరబ్బీ మాటకు అసలు అర్థం వెలుగు ఉండే చోటు, దీపస్తంభం. చూశారా, ఒక్కో జాతి తన ఎత్తైన కట్టడానికి ఒక్కోదాన్ని బట్టి పేరు పెట్టుకుంది. వెలుగును బట్టి ఒకరు, జెండాను బట్టి ఒకరు, గంటను బట్టి ఒకరు, కాపుదలను బట్టి ఇంకొకరు.

ఆ కాపుదల అన్న అర్థాన్ని అచ్చంగా నిలుపుకున్నది మన తెలంగాణ బురుజు. మట్టితోనో రాతితోనో గుండ్రంగా లేపిన బురుజులు ఈ ప్రాంతంలో ఎన్నో ఊళ్లలో ఉండేవి. కొన్ని దొరల గడీల మూలల్లో నిలిచి జనాన్ని భయపెట్టాయి. కొన్ని ఊరి నడుమ నిలిచి జనాన్ని కాచాయి. ఈ రెండో రకానిదే బైరాన్‌పల్లి బురుజు. ఇప్పుడది సిద్దిపేట జిల్లాలో ఉంది. 1946 నుంచి నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో సాయుధ పోరాటం సాగుతున్న రోజుల్లో రజాకార్ల దాడులను తట్టుకోవడానికి ఆ ఊరి యువకులు గ్రామరక్షక దళంగా ఏర్పడ్డారు. బురుజు మీద వంతులవారీగా కావలి. దూరాన దుమ్ము లేస్తే నగారా మోగేది. అది విని ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు తలదాచుకునేవారు, మగవాళ్లు వడిసెలలు, బరిసెలు, నాటు తుపాకులు అందుకునేవారు. అట్లా దాడులను తిప్పికొట్టిన ఊరది. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం సైన్యం పెద్ద ఎత్తున వచ్చి విరుచుకుపడ్డారు. ఫిరంగి గుళ్ల ముందు బురుజు నిలవలేకపోయింది. ఊరివాళ్లను వరసగా నిలబెట్టి కాల్చేశారు. సరిగ్గా మూడు వారాలకు, సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు.

కోటలను ముట్టడించే కట్టడానికీ, ఊరి బురుజుకూ, ప్రమాద సూచన చేసే గంటకూ యూరప్‌లో ఒకే మాట ఎందుకు సరిపోయిందో బైరాన్‌పల్లి ముందు నిలబడితే తెలుస్తుంది. అక్కడ మోగింది గంట కాదు, నగారా. కట్టించింది నగర సంఘం కాదు. కానీ ఊరు తనను తాను కాచుకోవడానికి ఎక్కిన ఎత్తు అది. నా మట్టుకు తెలుగు నేల మీద బెల్‌ఫ్రీ అన్న మాటకు మొదటి అర్థంలో పూర్తిగా తగిన కట్టడం అదే. మన ఊళ్లలో మిగిలిన బురుజులు ఏటేటా వానకు కరిగిపోతున్నాయి. రోడ్డు వెడల్పు చేయాలని కొన్నింటిని కూల్చేశారు. అడ్డంగా ఉన్న మట్టిదిబ్బ అనుకుంటున్నవాళ్లకు దాని మీద నిలబడి రాత్రంతా మేలుకున్న మనిషి గురించి ఎవరో ఒకరు చెప్పాలి.

రేడియో కూడా కొన్నాళ్లు గంటగోపురం పని చేసింది. హైదరాబాదులోని దక్కన్ రేడియోను 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణి స్వీకరించింది. తర్వాతి ఏళ్లలో పంచాయతీ ఆఫీసులకు రేడియో పెట్టెలు వచ్చాయి. గది లోపల రేడియో, బయట గుంజ మీద లౌడ్‌స్పీకర్. వార్తలకు ముందు వినిపించే కాలసూచికను బట్టి ఊరి పెద్దలు చేతిగడియారాలు సరిచేసుకునేవారు. పొద్దుగూకి రైతుల కార్యక్రమం మొదలైతే అరుగుల మీద జనం చేరేవారు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద కొత్తగా వరి మొదలుపెట్టిన మిర్యాలగూడ, హుజూర్‌నగర్ రైతులకు విత్తనం పేరు, మందు మోతాదు ఆ గుంజ మీది నుంచే చెవిన పడ్డాయి. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ తర్వాతి పదేళ్లలో ఈ ప్రాంతం తీరే మారిపోయింది. అది ఇంకో ప్రసంగానికి సరిపడే కథ.

చివరగా, గంట ఉన్న ఇంకొక మాట మనం రోజూ వాడేది ఉంది. 'ఘంటాపథంగా చెబుతున్నాను' అంటాం. గట్టిగా, నలుగురూ వినేటట్టు, వెనక్కి తగ్గకుండా చెబుతున్నానని అర్థం. అసలు ఘంటాపథం అంటే గంటల దారి. మెడన గంటలు కట్టిన ఏనుగులు నడిచే రాజమార్గం. పది విల్లుల వెడల్పు ఉండాలని పాతవాళ్లు లెక్క చెప్పారు. ఏనుగు వస్తోందని ముందే గంట చెబుతుంది, జనం తప్పుకుంటారు. ఈ మాటను తన పుస్తకానికి పేరుగా పెట్టుకున్నవాడు మన తెలంగాణవాడే. మెదక్ జిల్లా కొల్చారం ఊరివాడైన కోలాచల మల్లినాథసూరి. కాళిదాసు కావ్యాలకు ఆయన రాసిన వ్యాఖ్యానం సంజీవని. భారవి రాసిన కిరాతార్జునీయానికి రాసినదాని పేరు ఘంటాపథం. భారవి కావ్యం ఎత్తుపల్లాల కాలిబాటలా ఉండి, అడుగు తీసి అడుగు వేయడానికి పాఠకుడు జంకుతాడు. అలాంటివారు బెదరకుండా నడిచిపోవడానికి కొత్త రాజమార్గం వేస్తున్నానని మల్లినాథుడు మొదట్లోనే చెప్పుకున్నాడు. ఏదైనా కష్టమైన విషయాన్ని జనానికి విప్పి చెప్పే ప్రతివాడికీ ఆ పేరు ఒక కొలత.

సూర్యాపేట, కోదాడల మీదుగా మచిలీపట్నం పోయే 65వ నంబరు జాతీయ రహదారి కూడా ఒకప్పుడు అలాంటి గంటల దారే. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు వజ్రాలు, వస్త్రాలు ఈ దిక్కుగానే పోయాయి. బండ్లు కట్టిన ఎద్దుల మెడగంటలు రాత్రిళ్లు మైళ్ల దూరం వినిపించేవి.

ఇక వాడుక సంగతి. చర్చికి పక్కనో పైనో గంట కోసం కట్టినదాన్ని గంటగోపురం అనండి, శిలాఫలకం మీద కూడా అట్లాగే రాయించండి. బెల్ టవర్ అని తెలుగు అక్షరాల్లో రాయించాల్సిన పని లేదు. నాలుగు వైపులా గడియారాలున్నదాన్ని గంటస్తంభం అనండి, గడియారం అన్నా సరే. కావలి కోసం కట్టినది బురుజు. గుడి ముందరిది ధ్వజస్తంభం. నాలుక ఉండి ఊపితే మోగేది గంట, కొయ్యతో కొడితే మోగేది జేగంట, కాళ్లకు కట్టేవి గజ్జెలు, అందెలకు కుట్టేవి మువ్వలు. పిల్లలకు ఇవన్నీ బెల్ అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి.

బురుజుల మీద నగారా మోగిన రోజుల్లో పసివాళ్లుగా ఉన్నవారు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా కొందరు ఉన్నారు. ఇప్పుడు వాళ్లకు ఎనభై, తొంభై ఏళ్లు. మీ ఊరి బురుజును ఏ పేరుతో పిలిచేవారో, అక్కడ ఏం మోగేదో, ఎన్ని దెబ్బలకు ఏం అర్థమో వాళ్లనడిగి, విన్నది విన్నట్టు కాగితం మీద రాసి మా ఆకాశవాణి కేంద్రానికి పంపండి. వచ్చిన ఉత్తరాలను ఇదే వేళకు చదివి వినిపిస్తాం.